మా వీధి కొట్టావిడ

పోయినవారం లెంకాని మా ఊరు చెబ్ స్టేషన్‌లో, ఒక కాలు రైలు మెట్టు మీదా ఇంకో కాలు ప్లాట్‌ఫారం మీదా ఉండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఇక కిందికి దింపుదాం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు. లెంకా అసలు పేరు లియెన్. వియత్నాం పిల్ల. తల్లి బిక్ మా ఊళ్ళో ఒక చిల్లర కొట్టు పెట్టుకుని, పిల్లని పక్కింటి ఓల్డ్రిష్కా ముసలమ్మ చేతిలో పెట్టింది. ఇందులో వింతేం లేదు. మా ఊళ్ళో వియత్నాం వాళ్ళందరూ చేసే పనే అది. తల్లిదండ్రులు తెల్లారిందగ్గర్నుంచి కొట్లో, పిల్లలు చెక్ బామ్మల ఒళ్ళో. ఓల్డ్రిష్కా మా ఊరి నాటకశాలలో తెర పక్కన కూర్చుని, నటులు మాట మర్చిపోతే అందించి, అందించి రిటైరైన మనిషి. అలాంటి చేతిలో పెరిగిన పిల్లకి చెక్ మాట ఎలా పట్టుబడిందంటే, దగ్గరి పట్నం ప్ల్జెన్ రేడియోలో ఆమె గొంతు వింటూ మా ఊరి పంతుళ్ళు సొంత పిల్లల్ని తిట్టేవారు, అలా మాట్లాడి ఏడవండి అని.

రేడియోలో ఆమె లెంకా షెబెస్తోవా. ఆ ఇంటిపేరు బామ్మది. ఉద్యోగంలో చేరిన రోజు డైరెక్టరు వొండ్రుష్కా, "మీ అమ్మ చెక్ మనిషా?" అని అడిగితే, "అవునండీ. నా చిన్నప్పుడే పోయింది. అమ్మమ్మే పెంచింది," అంది. నోరు జారలేదు. ఆ క్షణానికి అది నిజం కంటే సులువుగా ఉంది, అంతే. ఇప్పుడు ప్రాగ్ టీవీ వాళ్ళు సాయంత్రం వార్తలు చదవడానికి పిలిచారు. కెమెరా ముందు పరీక్ష జరుగుతుండగా బామ్మ పోయిందని కబురొచ్చింది. కబురు విన్నాక కూడా లెంకా ఆ పరీక్ష పూర్తిచేసే లేచింది. బాగా చదివావన్నారు. ఆ మెచ్చుకోలు చెవిలో పెట్టుకునే రైలెక్కింది.

శ్మశానం పక్కనున్న వీడ్కోలు హాలుకి ఆమె నడిచే వచ్చింది. మార్చి నెల. కరిగే మంచూ బురదా కలిసి దారంతా పాడుగా ఉంది. హాలు గోడకి అంటించిన నల్ల అంచు కాగితంలో, దుఃఖిస్తున్న కూతురు యర్మిలా, మనవలు, అని ఉంది. లెంకా పేరు లేదు. ఉంటుందని ఆశపడ్డానని అది చూసేదాకా ఆమెకే తెలీదు.

చూరు కింద బిక్ నిలబడి ఉంది. కొట్లో వేసుకునే దూది కోటే, ఉతికి వేసుకొచ్చింది. చేతిలో పూలు, చంకలో గుడ్డమూట.

లెంకా తల్లి దగ్గరికి వెళ్ళి చేసిన మొదటి పని ఏమిటో చెప్పాలంటే నాకే మనసొప్పడం లేదు. పూలు లెక్కపెట్టింది. లెక్కపెట్టి, అందులోంచి ఒకటి పీకేసింది.

"బేసి పూలు పుట్టినరోజుకమ్మా. చావుకి సరిసంఖ్య తేవాలి. ఎన్నేళ్ళయింది నువ్వీ దేశం వచ్చి!" అంది చెక్‌లో.

"మాకు పోయినవాళ్ళకి బేసే," అంది బిక్ తన భాషలో. "అగరొత్తులు మూడు, దణ్ణాలు మూడు. సరే, వీళ్ళ పద్ధతి వీళ్ళది. పీకావుగా, ఇప్పుడు చాలా?"

తల్లీకూతుళ్ళ మాటలు ఎప్పుడూ ఇంతే. ఆవిడ వియత్నాం మాటలో అంటుంది, ఈమె చెక్‌లో బదులిస్తుంది. లెంకాకి వచ్చిన వియత్నాం మాటలన్నీ ఆరేళ్ళ పిల్లవి. ఆకలి, నిద్ర, జోళ్ళెక్కడ, చలేస్తోంది. వాటితో తల్లిని పలకరించడం కుదురుతుంది గాని, తల్లితో పోట్లాడటం కుదరదు.

బిక్ గుడ్డమూట విప్పింది. లోపల దోమతెర లాంటి పల్చటి తెల్లగుడ్డ, పొడుగ్గా చింపిన పేలికలు.

"తల తిప్పు, కడతాను."

లెంకా ఒక అడుగు వెనక్కి వేసింది. చిన్నప్పుడు ఒక్కసారి చూసింది ఆ కట్టు. తండ్రి పోయినప్పుడు. నుదుటి మీంచి వెనక్కి కట్టి, కొసలు వీపు మీద వేలాడుతూ. అప్పుడు ఆమెకీ కట్టారు.

"అది కన్నవాళ్ళు పోతే కట్టుకునేది కదా?"

"అందుకే కట్టుకోమంటున్నా."

"ఆవిడ నాకు బామ్మ కదమ్మా."

"ఏం బామ్మ?" బిక్ గొంతు పెరిగింది. "నీకు తట్టు పోస్తే పక్కన కూర్చుంది ఎవరు? పన్ను ఊడితే పరిగెత్తి ఎవరి చేతిలో పెట్టావు? బళ్ళో నాటకమైతే, సంచీలు దించుకుని నేనొచ్చేసరికి అయిపోయింది. చప్పట్లు కొట్టింది ఆవిడ. నేను కన్నాను, కని కొట్లోకి పరిగెత్తాను. పెంచింది తల్లి కాకపోతే మరెవరు? నా సంగతి నా రోజున చూసుకుందువుగాని, ఇది ఆవిడ రోజు."

లెంకాకి ఆ మాటల్లో సగం అర్థమైంది. తక్కిన సగం ఆవిడ ముఖంలో అర్థమైంది. ఒక్క నిమిషం చెయ్యి చాపబోయింది కూడా. అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. వొండ్రుష్కా కారు.

"వద్దు," అంది గబగబా. "అందరూ నల్లబట్టల్లో ఉంటే నేనొక్కదాన్ని కట్టు కట్టుకుని కూర్చుంటే ఏమనుకుంటారు? ఇక్కడ ఇలా చెయ్యరమ్మా. దాచెయ్, ఎవరైనా చూస్తారు."

బిక్ దాచలేదు. ఒక పేలిక తీసి తన తలకే కట్టుకుంది. హాలు తలుపు దగ్గరుండే యూనిఫాం ఆవిడ అది చూసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, తలకేమైందమ్మా? మంచు మీద జారారా?"

"జారలేదు," అంది బిక్ తన చెక్‌లో. "ఏడుపు. ఇది ఏడుపు గుడ్డ."

ఆవిడకేం అర్థమైందో గాని, "జాగ్రత్త, జాగ్రత్త, మెట్లు చూసుకోండి," అంటూ వెళ్ళిపోయింది.

వొండ్రుష్కా పెద్ద పూలచక్రం మోసుకుంటూ వచ్చాడు. మంచి మనిషే. మంచివాళ్ళతోనే చిక్కు, వాళ్ళకి చెప్పిన అబద్ధాన్ని వాళ్ళు భద్రంగా దాచిపెట్టుకుంటారు. లెంకాని దగ్గరికి తీసుకుని భుజం తట్టాడు.

"ధైర్యంగా ఉండమ్మాయ్. నిన్న ప్రాగ్ వాళ్ళతో మాట్లాడాను. నీ కథ చెప్పాను. తల్లి లేని పిల్లని చెక్ అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుని మాటలు నేర్పిందంటే, అక్కడ పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ కథతోనే నిన్ను జనానికి పరిచయం చేస్తారట. సోమవారం వెళ్ళి సంతకం పెట్టడమే."

ఆ తర్వాత అతని చూపు పక్కనున్న తెల్లకట్టు మీద పడింది. "ఈవిడ?"

నిజం చెప్పడానికి లెంకాకి ఒక్క మాట చాలు. అమ్మ. ఏ భాషలోనైనా పసిపిల్ల ముందు నేర్చేది అదే.

"మా వీధి కొట్టావిడ," అంది.

బిక్‌కి చెక్ సరిగా రాదు గాని కొట్టు అన్న మాట రాకుండా ఎలా ఉంటుంది? రోజూ వినే మాట అదేగా. పూలు పట్టుకున్న చెయ్యి కాస్త కిందికి దిగింది.

"అలాగా!" వొండ్రుష్కా ఆవిడ చెయ్యి అందుకుని ఊపాడు. "చాలా మంచిపని చేశారండీ, రావడం. మా లెంకాని చిన్నప్పట్నుంచీ చూసుంటారు. పాపం, ముందు తల్లి చచ్చిపోయింది, ఇప్పుడు అమ్మమ్మ."

బిక్ లెంకా వైపు చూసింది. ఎంతోసేపు కాదు. తర్వాత ఆవిడ ముఖంలోకి కొట్లో కూర్చుని నవ్వే నవ్వొకటి వచ్చింది. చిల్లర లేదన్నవాళ్ళకీ, చైనావాళ్ళు అని తిట్టిపోయేవాళ్ళకీ ఒకే రకంగా ఇచ్చే నవ్వు.

"చూశా. చిన్నది. మంచి పిల్ల. ఉల్లిపాయ కొనేది."

"వాళ్ళమ్మ ఎలా ఉండేది? మీరు చూశారా?"

"తెలీదు," అంది బిక్. "నాకు కొట్టు పని ఎక్కువ. చూడలేదు."

అతను జాలిగా తల ఊపి లోపలికి నడిచాడు. బిక్ పూలు సర్దుకుని అతని వెనకే వెళ్ళి, చివరి వరసలో తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. లెంకా అక్కడే చూరు కింద నిలబడిపోయింది. వెనక పిలవాలనిపించింది. పిలిచి ఏమని చెప్తుంది? క్షమించు అనే మాట ఆ భాషలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆరేళ్ళ పిల్లకి దానితో పనేముంది?

లోపల నల్ల దుస్తుల్లో యర్మిలా నడవలోనే ఎదురైంది. ఓల్డ్రిష్కా కన్నకూతురు. ప్ల్జెన్‌లో కాపురం. లెంకా చిన్నప్పుడు సెలవుల్లో వచ్చినప్పుడల్లా, తన తల్లి ఒళ్ళో ఈ నల్లజుట్టు పిల్లని చూసి మండిపోయేది. ఆ మంట నిన్నటిదాకా ఆరలేదనే ఊరంతా అనుకుంటుంది.

"వచ్చావా రేడియో?" అంది నెమ్మదిగా. "మా ఇంటిపేరు బాగా పనికొస్తోందట?"

లెంకా తప్పుకుని ముందుకి నడవబోయింది.

"సరే, ఆ గొడవ ఇవాళ కాదు. మీ అమ్మేదీ? ముందు వరసలో చోటు ఉంచాను."

"మా అమ్మకా?"

"నీకు కాదులే, కంగారుపడకు." యర్మిలా ముఖంలో నవ్వు లేదు. "నీకేమీ తెలీదు కదూ? నవంబరు నుంచీ మా అమ్మ మంచం దిగలేదు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. పిల్లకి టీవీ పరీక్షలున్నాయి, గొంతు పాడవుతుంది అని. పోయేదాకా నీ గొంతే అమ్మ బెంగ. నేను ఆదివారాలు వచ్చేదాన్ని. తక్కిన రోజులు ఎవరు చూశారనుకుంటున్నావు?"

లెంకాకి అప్పటికే తెలిసిపోయింది. కాని వినక తప్పలేదు.

"మీ అమ్మ. ఒళ్ళు తుడిచింది, దుప్పట్లు ఉతికింది, గంజి తాగించింది. మా అమ్మకి కోపం వస్తే చెంచా విసిరేది, మీ అమ్మ తీసి కడిగి మళ్ళీ పట్టేది. ఇద్దరికీ ఒకళ్ళ మాట ఒకళ్ళకి రాదు, అయినా పొద్దస్తమానం కబుర్లే. కొట్టు మూసేసింది, ఆ సంగతైనా తెలుసా?"

తెలీదు. మా ఊళ్ళో ఎవరింట్లో ఏది నిండుకున్నా, క్రిస్మస్ పూటైనా సరే, బిక్ కొట్టుంది కదా అని నిశ్చింతగా ఉంటారు. అలాంటి కొట్టు చలికాలమంతా మూసి ఉంది. లెంకా ఆ రోజుల్లో ఊరికి రాలేదు గాని తల్లికి ఫోన్ చేస్తూనే ఉంది. ఎలా ఉన్నావు, తిన్నావా, చలిగా ఉందా. అంతటితో ఆమె మాటలు అయిపోయేవి. "పనుంది, పెట్టేస్తా," అనేది బిక్. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు లెంకా ఫోను పెట్టేసేది. ఎన్నిసార్లు ఆ పక్కగదిలో బామ్మ మూలుగుతూ ఉండి ఉంటుందో! ఒక్కసారి ఇంకో మాట అడిగి ఉంటే తెలిసేది. ఆ ఇంకో మాట ఆమె దగ్గర లేదు, నేర్చుకోనూ లేదు. రాజధానిలో పలకాల్సిన ప్రతి మాటా నాలుక అరిగేలా నేర్చుకుంది గాని, తల్లిని అడగాల్సిన ఒక్క మాట నేర్చుకోలేదు.

"ఆఖరికి కళ్ళు మూసింది కూడా ఆవిడే," అంది యర్మిలా. "నేను రైల్లో ఉన్నాను. ఏదీ మీ అమ్మ?"

లెంకా వెనక్కి తిరిగింది. తలుపు పక్కన తెల్లకట్టు కనిపిస్తూనే ఉంది. పది అంగల్లో వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు. అంతలో వాయిద్యం మొదలైంది. జనం కూర్చున్నారు. మధ్య వరసలోంచి వొండ్రుష్కా చెయ్యెత్తి, తన పక్కన ఖాళీ చోటు చూపించాడు.

లెంకా వెళ్ళి అక్కడే కూర్చుంది. ఎందుకని నన్నడగొద్దు. కాళ్ళు ఏళ్ళ తరబడి నడిచిన దారినే పోతాయి, వాటికి బుద్ధి చెప్పేసరికి ఆలస్యమవుతుంది.

శవపెట్టెకి అటూ ఇటూ ముదురాకుపచ్చ తెర. చివర్న అది మూసేస్తే వీడ్కోలు అయిపోయినట్టే. ముందు పూలు. నాటకశాల నుంచి వచ్చిన ముసలి నటుడొకాయన లేచి, "ఓల్డ్రిష్కా లేకపోతే నేను సగం నాటకాల్లో చావడం మర్చిపోయేవాణ్ణి," అన్నాడు. కొందరు ఏడుస్తూనే నవ్వారు. వొండ్రుష్కా లెంకా చేతి మీద చెయ్యి వేశాడు. ఆమె ఏడుస్తోంది. ఎవరికోసమని అతను అడగలేదు, అడగాల్సిన పని లేదనుకున్నాడు.

ఆ తర్వాత యర్మిలా లేచింది. చేతిలో కాగితం ఏమీ లేదు.

"నాకు మాట్లాడటం రాదు. ఇంట్లో మాటలన్నీ మా అమ్మవే," అంది. "ఒక్కటి చెప్తాను. లెంకా చిన్నప్పుడు నేను అమ్మతో దెబ్బలాడాను, నీ ఒళ్ళో పరాయి పిల్ల ఏమిటని. అమ్మ ఏమందో తెలుసా? దాని తల్లి నన్ను నమ్మి ఇచ్చిందే, నువ్వెప్పుడైనా నీ పిల్లల్ని నాకు అంతగా నమ్మి ఇచ్చావా అంది. అప్పట్నుంచీ ఆ తల్లంటే నాకు పడేది కాదు. ఈ చలికాలం ఆవిడ మా అమ్మకి చేసిన చాకిరీ నేను చెయ్యలేదు, చెయ్యలేను కూడా. మీలో ఎవరూ కళ్ళు కిందికి దించుకోవద్దు, నాతో సహా అందరం ఆవిడ కొట్లో సరుకులు కొన్నవాళ్ళమే, ఆవిడ పేరు తెలిసినవాళ్ళెంతమంది?"

హాల్లో దగ్గులు ఆగిపోయాయి.

"తెర మూసేముందు మొదటి పువ్వు ఇంటివాళ్ళు పెట్టాలి. ఆ పువ్వు నాది కాదు. లెంకా వాళ్ళమ్మది. రండమ్మా, ముందుకి రండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వొండ్రుష్కా తల మాత్రం లెంకా వైపు తిరిగింది.

"వాళ్ళమ్మ... అంటే?" అన్నాడు మెల్లగా.



వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. బిక్ లేచి నిలబడింది. పూలు గుండెకి అదుముకుని ఉంది. అంతమంది ఒక్కసారిగా తనని చూడటం ఆవిడ జీవితంలో అదే మొదలు కాబోలు, కాసేపు నేల చూసింది. తర్వాత తల ఎత్తి, యర్మిలాతో, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అంది.

"తప్పు, మేడం. లెంకా అమ్మ లేదు. చచ్చిపోయింది. లెంకా చిన్న, అప్పుడే. నేను కొట్టు. ఉల్లిపాయ, సబ్బు. అంతే."

అని కూర్చుంది.

యర్మిలా ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ఆవిడ బిక్ వైపు చూడటం మానేసి, నేరుగా లెంకాని చూసింది.

"నువ్వు చెప్పు," అంది. "చచ్చిపోయిందా?"

లెంకా లేచి నిలబడింది. వొండ్రుష్కా ఆమె చెయ్యి పట్టుకుని, "కూర్చో అమ్మాయ్, దుఃఖంలో ఆవిడ ఎవర్నో చూసి ఎవరో అనుకుంటోంది. నేను సర్దిచెప్తాను," అని గొణిగాడు. ఆ చెయ్యి వెచ్చగా, నమ్మకంగా ఉంది. కూర్చుంటే చాలు, సోమవారం దానంతటదే వస్తుంది.

హాలంతా ఆమె నోటి వైపు చూస్తోంది. చివరి వరసలో బిక్ ఒక్కతే తల దించుకుని, లెంకాకి తప్ప ఎవరికీ కనపడకుండా ఒళ్ళో చెయ్యి ఆడిస్తోంది. కూర్చో, కూర్చో అని.